కొమ్మలకేసి చూసే లైటు

తాళంచెవి పెద్దకొడుకు జేబులో ఉంది. కారు కొనే మనిషి చీకటిపడే వేళకు వస్తానన్నాడు. స్క్రూడ్రైవరు చిన్నకోడలి చేతిలో ఉంది. కిందటి వారం మనం వాళ్ళను అలా వదిలి వచ్చాం.

ఆ మీగడరంగు పాత కారు ఇంటి పెద్దాయనది. ఒక సాయంత్రం దాన్ని బయటికి తీస్తూ గేటు స్తంభానికి కొట్టారు. "నాన్నకి చూపు ఆనడం లేదు" అని పెద్దకొడుకు తాళం తీసేసుకున్నాడు. ఎవరూ కాదనలేదు. ఆయన కూడా కాదనలేదు. అప్పటినుంచి ఆయన పేపరు విప్పడం మానేశారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. చిన్నకోడలికి అన్నిటికంటే కష్టమనిపించింది ఇంకొకటి. ఆమె కూతురు చిన్ని చేతులు చాచి "తాతా, ఎత్తుకో" అన్నప్పుడల్లా ఆయన తన చేతులు వెనక్కి పెట్టుకుని "వద్దమ్మా, పడేస్తాను" అంటున్నారు.

ఈ రోజు మధ్యాహ్నం కారు తుడుస్తుంటే కుడి హెడ్‌లైటు పాలపన్నులా కదిలింది. ఆమె లోపలికి వచ్చి అందరి ముందూ అనేసింది. "తప్పు మామయ్య కళ్ళది కాదు. లైటుది." అన్నాక మాట వెనక్కి తీసుకోలేదు. పెద్దకొడుకు నవ్వాడు. "సరేనమ్మా. ఆ మనిషి వచ్చేలోపు లైటు బాగుచెయ్యి. నాన్న వీధి చివరిదాకా నడిపి చూపిస్తే తాళం ఆయనకే ఇచ్చేస్తాను. లేకపోతే కారు వెళ్ళిపోతుంది."

ఇప్పుడు ఎండ ప్రహరీ దిగి వీధిలోకి జరిగింది. కారు ఎప్పటిలాగే గేటుకు ముఖం పెట్టి నిలబడి ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. వీధికి అవతల గోడౌను గోడ, కిటికీ కూడా లేని బోడి గోడ, కారుకు సరిగ్గా ఎదురుగా ఉంది.

గేటు తీసింది చిన్నకోడలే. చిన్ని నడక నేర్చిన వారంలోనే ఆమె గేటు గడియను పైఅంచుకు మార్పించింది. అత్తగారు మునివేళ్ళ మీద లేస్తే తప్ప అందదు. "పిల్ల వీధిలోకి వెళ్ళకూడదని గడియ పెట్టావో, నేను వెళ్ళకూడదని పెట్టావో" అని ఆవిడ రోజుకోసారి సణుగుతుంటారు.

చిన్నకోడలు గోనెపట్టా పరిచి బంపరు ముందు కూర్చుంది. చిన్నిని చేతికందేంత దూరంలో పీట మీద కూర్చోబెట్టి, బట్టల క్లిప్పులు ఇచ్చింది.

"మామయ్యా, ముందు ఏ స్క్రూ?"

పెద్దాయన మెట్టు మీదినుంచి కదల్లేదు. "నాకేం కనబడుతుందమ్మాయ్. నువ్వే చూడు."

"చూసేది నేనేలెండి. చెప్పేది మీరు. నోటికేం శుక్లాలు రాలేదుగా?"

"ఆ నోటికి ఏ రోగమూ రాదు. దానికి నేను హామీ" అన్నారు అత్తగారు లోపలినుంచి. ఆవిడకు ఆ కారు సవతి. పెళ్ళయిన కొత్తలో తన చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడిన మనిషి, అందరూ చూస్తుండగా దాని బుగ్గలు తుడిచేవాడని ఇప్పటికీ దెప్పుతారు. అయినా కారు అమ్మేస్తున్నారని తెలిసిన దగ్గరనుంచి ఆవిడ కూడా వంటింట్లో గిన్నెలు గట్టిగానే పెడుతున్నారు.

పెద్దాయన నెమ్మదిగా లేచి వచ్చారు. గోనెపట్టా అంచున కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మెరిసే రింగు మీద చెయ్యి పెట్టి కింది అంచు దాకా తడిమారు. "ఇక్కడ. కింద ఒకటే ఉంటుంది."

రింగు ఊడి వచ్చింది. లోపల గుండ్రటి అద్దం, దాని చుట్టూ సన్నటి రేకు, రేకుకు మూడు చిన్న స్క్రూలు. వాటికి దూరంగా, పైన ఒకటి, పక్కన ఒకటి పొడుగు స్క్రూలు.

"చిన్నవి మూడూ అద్దానివి" అన్నారాయన, ఇంకా కళ్ళు మూసుకునే. "బల్బు మార్చాలంటే అవి విప్పాలి. పొడుగువాటి జోలికి మాత్రం పోకూడదు. పైది తిప్పితే లైటు పైకీ కిందికీ వెళ్తుంది, పక్కది తిప్పితే అటూ ఇటూ. డూమ్, అంటే ఈ లైటు గిన్నె మొత్తం, ఆ రెండింటి మీదా, ఒక స్ప్రింగు మీదా వేలాడుతుంది."

చిన్నకోడలు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. చిన్న స్క్రూల గాడుల్లో తుప్పు గడ్డకట్టి ఉంది. వాటిని ఎవరూ ముట్టుకున్న జాడ లేదు. పొడుగువాటి తలలు మాత్రం చెక్కేసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి.

"మామయ్యా, వానలకు ముందు ఈ బల్బు మార్చింది ఎవరు?"

"పెద్దాడు. మెకానిక్కు దగ్గరికి ఎందుకు, నేను వేస్తానన్నాడు."

వరండాలో ఫోను చూసుకుంటున్న పెద్దకొడుకు తల ఎత్తలేదు. కానీ వేలు ఆగింది.

ఆమె పొడుగు స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టిందో లేదో, అది దానంతటదే గిర్రున తిరిగింది. డూమ్ ముందుకు వాలి స్ప్రింగుకు వేలాడింది. వెనకాల చీకటి. ఆమె చెయ్యి సన్ననిది, మణికట్టు దాకా లోపలికి దూరింది. మెత్తగా ఏదో తగిలింది.

"అమ్మో, ఎలక!" చెయ్యి లాగేసుకుని చిన్నిని ఒడిలోకి గుంజుకుంది.

"ఎలకయితే అది నిన్ను చూసి పారిపోవాలి" అన్నారు మామగారు. "మళ్ళీ పెట్టు."

కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ పెట్టింది. బయటికి వచ్చింది ఎలక కాదు. మడత పెట్టి కుక్కిన రబ్బరు ముక్క. నీలిరంగు, దాని మీద తెల్లటి పువ్వు.

అప్పుడే టీ తెస్తున్న అత్తగారు మెట్ల మీద ఆగిపోయారు. గ్లాసులు పక్కన పెట్టి, ఆ ముక్క అందుకుని, తిప్పి చూశారు. ఒకవైపు బొటనవేలు అరగదీసిన గుంట.

"ఇది నా ఎడమ చెప్పు" అన్నారు.

దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నారు.

"ఇది నా చెప్పురా! పక్కింటి దర్జీ కుక్క ఎత్తుకుపోయిందని ఆ నోరులేని జీవాన్ని ఎంతెంత మాటలన్నానో! ఆ దర్జీ నా బట్టలు కుట్టనని మూట తిప్పి పంపించేశాడు. ఇప్పటికీ నన్ను చూస్తే తలుపు వేసుకుంటాడు. ఒరేయ్ పెద్దోడా, ఆ ఫోను పక్కన పెట్టి ఇటు రా."

పెద్దకొడుకు వచ్చాడు. మనిషి నిండుగా ఉంటాడు, నడకలో ఎప్పుడూ ఒక హోదా. ఇప్పుడా హోదా మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"అది... స్తంభానికి కొట్టినప్పుడు లైటు వదులయిందమ్మా. కదలకుండా ఉంటుందని పెట్టాను."

ఇంట్లో బావగారికి ఎదురు చెప్పడం చిన్నకోడలికి అలవాటు లేదు. చిన్ని తల మీద చెయ్యి వేసి, ఆ వెచ్చదనం కాస్త తీసుకుని అడిగింది. "అత్తయ్యా, కారు స్తంభానికి కొట్టిన చప్పుడు విని మీరు వీధిలోకి పరిగెత్తారు కదా. కాళ్ళకు చెప్పులున్నాయా?"

"ఎక్కడివీ? ఒక్కటే మిగిలింది. ఒంటి చెప్పుతో పరిగెత్తి ఎడమ పాదంలో గాజుపెంకు గుచ్చుకుని..." అత్తగారు ఆగిపోయారు. పాదం వంక చూసుకున్నారు. కొడుకు వంక చూశారు. "అప్పటికే పోయింది చెప్పు."

"అంటే లైటు అంతకుముందే వదులయింది బావగారూ" అంది చిన్నకోడలు. "మీరు బల్బు మార్చిన రోజునుంచీ."

పెద్దకొడుకు మెడ రుద్దుకున్నాడు. కారు వంకా, తండ్రి వంకా, మళ్ళీ కారు వంకా చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, గోనెపట్టా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పొడుగువే కనబడ్డాయి. అవే విప్పాలనుకున్నాను. డూమ్ మొత్తం చేతిలోకి వచ్చింది, వెనకనుంచి బల్బు మార్చేశాను. బిగించేటప్పుడే ఎంత తిప్పినా బిగియలేదు. గట్టిగా తిప్పాను. లోపల టక్కుమంది."

"టక్కుమంటే?" అన్నారు అత్తగారు.

"టక్కుమంటే టక్కుమందమ్మా! తర్వాత ఊగింది. ఊగకుండా ఏదో ఒకటి పెడదామని చూస్తే నీ చెప్పు కనిపించింది. వెలుగుతోంది కదా, చాల్లే అనుకున్నాను."

పెద్దాయన కళ్ళు తెరిచారు. కొడుకును కోప్పడలేదు. ఎంతో కాలంగా మోస్తున్న మూటను ఎవరో దించినట్టు ఆయన భుజాలు కిందికి జారాయి.

"ఆ రోజుల్లో చీకటిపడితే రోడ్డుకు కుడిపక్కన వెలుతురే ఉండేది కాదురా" అన్నారు. "చెట్ల కొమ్మలు మాత్రం ఆకు ఆకునా కనిపించేవి. రోడ్డు చూడాల్సినవాడిని కొమ్మలు చూస్తున్నానేమిటి, కళ్ళు పోవడమంటే ఇలాగే ఉంటుందేమోననుకున్నాను. కొమ్మలకేసి చూసింది లైటా!"

పెద్దకొడుకు నేలకేసి చూస్తూ, "పందెం పందెమే. లైటు నిలబడాలి" అన్నాడు. మునుపటి బింకం లేదు. అలా అనకపోతే ఏడుస్తానేమోనని అన్నట్టుంది.

"నిలబడుతుంది" అంది చిన్నకోడలు.

ఆమె చదువు మధ్యలో ఆగిపోయాక కొన్నాళ్ళు మేనమామ ఆటో ఎలక్ట్రికల్ షాపులో కూర్చుంది. చేసింది పనిముట్లు అందివ్వడమే. ఏ పనిముట్టు ఎప్పుడు అడుగుతారో తెలుసు కానీ, అడిగాక దానితో ఏం చేస్తారో వీపుల వెనకనుంచి సగమే చూసింది. అందుకే పొడుగు స్క్రూలను పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్లు టక్కుమని విరిగిన ముక్కలను చతురస్రపు రంధ్రంలోంచి లాగాలంటే ముందు వెనకనుంచి నొక్కాలని ఆమెకు తట్టలేదు. మామగారే చెప్పారు. లైటు ఊగితే పోయేవి నట్లేనని షాపులో విన్న గుర్తుతో కొత్తవి రెండు మధ్యాహ్నమే కొని తెచ్చింది. స్పేర్‌పార్ట్స్ షాపు ముసలాయన వాటిని డబ్బా అడుగునుంచి వెతికి తీసి, "ఈ కారుకు ఇంకా ప్రాణం ఉందా!" అని అడిగాడు. "కారుకుంది. నట్లకే లేదు" అని చెప్పి వచ్చింది.

నట్టు రంధ్రంలో కూర్చుని చిటుక్కుమంది. రెండోది కూడా. స్ప్రింగు కొక్కెం తగిలించేటప్పుడు జారి వేలికణుపు గీరుకుంది. చెయ్యి విదుల్చుకుని మళ్ళీ తగిలించింది. పొడుగు స్క్రూ ఎక్కించి తిప్పడం మొదలుపెట్టింది. తిరిగే కొద్దీ బిగుతుగా, హాయిగా ఉంది. ఇంకొక్క చుట్టు తిప్పబోయింది.

"చాలు!" అన్నారు మామగారు. "ప్లాస్టిక్కమ్మాయ్ అది. పంతానికి పోతే మళ్ళీ టక్కుమంటుంది."

పెద్దకొడుకు ఆకాశంకేసి చూశాడు.

అప్పుడు చూసుకుంది ఆమె. మెరిసే రింగుకు బిగించాల్సిన స్క్రూ గోనెపట్టా మీద లేదు. కారు కింద లేదు. పైప్రాణాలు పైనే పోయాయి. చిన్ని బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. "నోరు తెరువు, తల్లీ, నోరు తెరువు!" పిల్ల తెరిచింది. వేలు పెట్టి నాలుక కిందా, బుగ్గల్లోనూ వెతికింది. తగిలింది సగం నమిలిన బిస్కెట్టు.

"అమ్మ వేలు ఉప్పగా ఉంది" అంది చిన్ని తీరిగ్గా.

స్క్రూ పెద్దకొడుకు చెప్పు కింద దొరికింది.

"వీడి కాలు పడితే చాలు" అన్నారు అత్తగారు.

వెలుతురు మసకబారింది. ఇంకా సెట్టింగు మిగిలింది. చిన్నకోడలు లైట్ల ఎత్తును పుల్లతో కొలిచి, వీధి దాటి, గోడౌను గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో అడ్డగీత గీసింది. "మామయ్యా, మీరు సీట్లో కూర్చోండి."

"నేనా?"

"కూర్చుని ఏం కనబడుతుందో చెప్పండి. నేను ఇక్కడ స్క్రూ తిప్పుతాను."

పెద్దకొడుకు తాళం తిప్పి పక్కకు జరిగాడు. పెద్దాయన స్టీరింగు వెనక కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత కదా, ముందు సీటును చేత్తో తట్టి మరీ కూర్చున్నారు. లైట్లు వెలిగాయి. ఎడమది గీత కింద బుద్ధిగా నిలబడింది. కుడిది గోడ దాటి పైన చెట్టు కొమ్మల్లో ఉంది.

"దించు... దించు... ఆగు. కొంచెం ఎడమకు. అబ్బ, అంత కాదు, వెనక్కి రా. ఇంకా వేలెడు పైన ఉంది. సగం వేలు... ఆ! అదీ!"

రెండు వెలుగులూ గీత కింద ఒకే మట్టంలో కూర్చున్నాయి. చిన్నకోడలు లేచి నిలబడింది. లేచాక అర్థమైంది ఆమెకు తాను ఏం విన్నదో. బావగారి వైపు తిరిగింది. ఆయన ముఖం చూస్తే ఆయనకూ అర్థమైనట్టే ఉంది.

"బావగారూ, వీధి అవతలి గోడ మీద సగం వేలు తేడా పట్టుకున్నారు మామయ్య."

పెద్దకొడుకు బోనెట్టు మీద రెండు చేతులూ ఆన్చి, తన బరువంతా వేసి ఊపాడు. కారు పడవలా ఊగింది. గోడ మీద రెండు వెలుగులూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. కుడిది విడిగా వణకలేదు. ఇంకోసారి ఊపాడు. తర్వాత చేతులు తీసేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి వంగాడు.

"నాన్నా, నీ కళ్ళు కావు. నా చెయ్యి."

"తెలిసిందిగా. ఇక పక్కకు జరుగు, కాలు తొక్కుతాను" అన్నారు పెద్దాయన.

వీధి చివరిదాకా వెళ్ళారు. చిన్నకోడలు పక్క సీట్లో, చిన్ని ఆమె ఒడిలో. గుంత వచ్చిన ప్రతిసారీ ఆమె చేతులు పిల్ల చుట్టూ బిగిశాయి. లైట్లు మాత్రం రోడ్డును వదల్లేదు. మలుపు దగ్గర పడుకున్న కుక్కను ఆమె కంటే ముందు ఆయనే చూసి, హారను కొట్టకుండా చుట్టి పోయారు. "దర్జీగారి కుక్క. దానికి మీ అత్తయ్య బాకీ ఉంది" అన్నారు. ఆమె పగలబడి నవ్వింది.

తిరిగి వచ్చేసరికి పెద్దకొడుకు గేటు దగ్గర నిలబడి ఫోనులో చెబుతున్నాడు. "రావద్దండీ. అమ్మడం లేదు. లేదండీ, బేరం కాదు. మా నాన్న నడుపుకుంటారు." ఫోను జేబులో పెట్టుకుని వరండాలో తల్లి పక్కన చతికిలబడ్డాడు. ఆవిడ చెప్పు ముక్కతో వాడి భుజం మీద ఒకటి వేశారు, మెత్తగా.

పెద్దాయన అలవాటు ప్రకారం కారును వెనక్కి తీసుకొచ్చి గేటుకు ముఖం పెట్టి నిలిపారు. చిన్నకోడలు దిగి గేటు మూసి పైగడియ వేసింది. వచ్చేసరికి చిన్ని ఆయన ఒళ్ళో ఉంది. తనంతట తానే ఎత్తుకున్నారు. ఆమె చప్పుడు చెయ్యకుండా తలుపు తీసి పక్కన కూర్చుంది. ఆయన లైట్లు ఆపలేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా వాటిని చూస్తూ కూర్చున్నారు.

"అమ్మాయ్, నువ్వు నా కళ్ళు నాకు తెచ్చిపెట్టావు. నీ దగ్గర ఒకటి దాచడం ఇక బాగుండదు."

"ఏమిటి మామయ్యా?"

"స్తంభం నాకు కనిపించింది. కావాలనే దాని మీదికి తిప్పాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"గేట్లో కుడివైపు చిన్ని నిలబడి ఉంది. లైటు కొమ్మల్లో ఉందిగా, చివరి క్షణం దాకా కనబడలేదు. కనబడగానే తిప్పేశాను. దిగి ఎత్తుకున్నాను. ఈలోపు మీరంతా వచ్చారు. చప్పుడుకు నిద్రలేచి బయటికి వచ్చేసిందని చెప్పాను."

చిన్నకోడలు చెయ్యి చిన్ని పాదాన్ని వెతుక్కుని పట్టుకుంది. ఆ సాయంత్రం ఆయన చేతుల్లోంచి పిల్లను అందుకున్నది తనే. పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళిందీ తనే.

"మరి ఇన్నాళ్ళూ... అందరూ మిమ్మల్ని గుడ్డివారన్నా..."

"పిల్ల తుమ్మితేనే నిద్రపోవు నువ్వు. ఇది తెలిస్తే బతికినన్నాళ్ళూ నిన్ను నువ్వే తిట్టుకుంటావు. నాకేం, ముసలివాడిని, చూపు ఆనలేదంటే సరిపోతుంది."

ఆమె కళ్ళు నిండాయి. అయినా తుడుచుకుంటూనే ఆమె బుర్ర ఒక్కచోట ఆగింది.

"మామయ్యా, గేటు ఎవరు తీశారు?"

"నువ్వనుకున్నాను. నేను కారెక్కేసరికే తీసి ఉంది."

"నేను తియ్యలేదు. అత్తయ్య పెరట్లో ఉన్నారు, బావగారు తన షాపులో, మిగతావాళ్ళెవరూ ఊళ్ళోనే లేరు. చిన్నికి గడియ అందదు."

ఇద్దరూ ఒకేసారి ముందుకు చూశారు. రెండు లైట్లూ తిన్నగా గేటు మీద ఉన్నాయి. మరమ్మతు చేసిన కుడి లైటు వెలుగు గేటు మీద పడి పైకి చిమ్మి, పైనున్న గడియను స్పష్టంగా చూపిస్తోంది.

ఆ వెలుగులోకి, అవతలి వైపునుంచి, గేటు పైఅంచు మీదుగా ఒక చెయ్యి వచ్చింది. గాజులున్న చెయ్యి. అది వెతుక్కోలేదు. గడియ ఎక్కడుందో దానికి తెలుసు. రెండు వేళ్ళతో పైకి లేపి, చప్పుడు కాకుండా పక్కకు జరిపింది.

తాతయ్య ఒళ్ళో చిన్ని చప్పట్లు కొట్టింది. "అత్త! అత్త వచ్చింది!"

చిన్ని అత్తా అని పిలవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఇంటికి ఒక ఆడపడుచు ఉందని చిన్నకోడలితో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

వెనక వరండాలోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఇంతసేపూ ఇల్లెగిరిపోయేలా మాట్లాడిన ఆవిడ గొంతు అంత సన్నగా ఉండగలదని చిన్నకోడలికి తెలియదు.

"లైట్లు ఆపండి. మీకు దణ్ణం పెడతాను, ముందు ఆ లైట్లు ఆపెయ్యండి."

మామగారి చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది. ఆపలేదు.

బ్రైట్ వేశారు.